కేజీఎఫ్ మూసేసిన గనుల్లోకి ఎవరైనా దిగారా?

పాడుబంగళా: బెంగళూరులో ఉంటాను. వదిలేసిన మిల్లులు, పాత బంగళాలు కనిపిస్తే కెమెరా పట్టుకుని దూరిపోవడం నా పిచ్చి. ఇప్పుడు మనసంతా కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ మీద ఉంది. 2001 ఫిబ్రవరి 28న మూసేశాక షాఫ్టులు, అంటే గనిలోకి దిగే నిలువు బావులు, అలాగే పడున్నాయట, కంచె ఒకచోట తెగి ఉందని ఫ్రెండ్ చెప్పాడు. హెడ్‌టార్చ్, తాడు, ఎన్95 మాస్క్ సరిపోతాయా? "వెళ్లొద్దు" అని మాత్రం అనకండి, ఆ మాట ఇంట్లో రోజూ వింటున్నా.

కుప్పం_కుర్రాడు: మా తాత అక్కడి ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేశాడు. దిగడమంటే మెట్లు దిగడం అనుకుంటున్నావా తమ్ముడూ? 3 కిలోమీటర్లకు పైగా లోతు, కేజ్‌లో, అంటే లిఫ్టు లాంటి ఇనుప బోనులో, దించేవాళ్లు. అడుగున రాయి కాలిపోతుంటే పైనుంచి చల్లగాలి పంపితేనే పని సాగేది. గని మూశాక పంపులు ఆపేశారు, నీళ్లొచ్చేశాయి. ఇప్పుడు నువ్వు దిగేది నూతిలోకి.

చక్రి_09: మరీ భయపెట్టకండి. వాచ్‌మన్ చేతిలో ఓ రెండొందలు పెడితే అంచుదాకా పోనిస్తాడు, ఫొటో తీసుకుని వచ్చేయొచ్చు.

బొగ్గుబాయి: అంచే అసలు డేంజర్. పాత షాఫ్ట్ మూతి మీద కప్పిన చెక్కలు ఎప్పుడో పుచ్చిపోయి ఉంటాయి, పైన గడ్డి మొలిచి మామూలు నేలలాగే కనిపిస్తుంది. ఇక మాస్క్ సంగతి. నేను సింగరేణిలో పనిచేస్తా, సర్దార్ (గనిలో భద్రత చూసుకునే సూపర్‌వైజర్) గాలి చూసి సరేనంటే తప్ప షిఫ్టులో ఎవరూ లోపలికి పోరు. ఎన్95 దుమ్మును ఆపుతుంది, అంతే, లేని ఆక్సిజన్‌ను ఎక్కణ్నుంచి తెస్తుంది? మూసిన గనిలో కుళ్లే కలప, తుప్పు పట్టే ఇనుము ఆక్సిజన్ తినేస్తుంటాయి. వాసన ఉండదు, దగ్గు రాదు, మోకాళ్లు సడలి కూలబడతావు. వాన ముందు గాలి ఒత్తిడి పడిపోతే లోపలి చెడ్డగాలి మూతి దాకా వస్తుంది కాబట్టి నిన్న ఎవడో క్షేమంగా తిరిగొచ్చాడన్నది లెక్కలోకి రాదు. పాడుబడ్డ బావిలో పూడిక తీయడానికి ఒకడు దిగి, వాణ్ని లాగబోయి ఇంకో ఇద్దరు పోవడం మన పేపర్లలో చూడట్లేదా?

పాడుబంగళా: సరే అన్నా, షాఫ్ట్ మాట వదిలేశా. నిజంగా గాలి గురించి ఆలోచించలేదు. మరి పైన చూడ్డానికేముంది?

కుప్పం_కుర్రాడు: బోలెడు. సైనైడ్ దిబ్బలు చూడు, బంగారం తీశాక మిగిలిన పిండి అది, వానలకు కోసుకుపోయి లోయల్లా ఉంటాయి. గాలి తోలే రోజు మాత్రం దూరం నుంచే చూడు, ఆ దుమ్ములో సిలికా ఉంటుంది. గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నవాళ్లు ఆ కాలనీల్లో ఇప్పటికీ ఉన్నారు. గని కార్మికుల లైన్ ఇళ్ల దగ్గర ఎవరైనా తాత దొరికితే కూర్చుని మాట్లాడు. శివనసముద్రం నుంచి 1902లోనే కరెంటు వచ్చిన ఊరు, 1965లో ఇదే గని లోతుల్లో న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాలను సైంటిస్టులు పట్టుకున్నారు, కబుర్లకు కొదవా?

చక్రి_09: బెంగళూరు నుంచి మారికుప్పం ట్రైన్ ఎక్కు, కేజీఎఫ్‌లోనే ఉన్న ఊరిగాం స్టేషన్‌లో దిగితే నడుచుకుంటూ తిరగొచ్చు. తిరుగు ట్రైన్ టైమ్ ముందే చూసుకో.