సింగపూర్ హోటల్ కోటా: ముగ్గురు లోకల్స్ మానేస్తే ఇన్ని రెన్యువల్స్ ఎందుకు ఆగాయి?

రాత్రిషిఫ్ట్:
120 గదుల హోటల్. లోకల్స్ (సిటిజన్లు, పీఆర్‌లు అంటే శాశ్వత నివాసులు) 40 మంది, బయటి దేశాలవాళ్లు 21 మంది ఉండేవాళ్లు. ముగ్గురు లోకల్స్ మానేశారు, నలుగురు పార్ట్‌టైమ్‌కి మారారు. ఇప్పుడు కార్మిక శాఖ వర్క్ పర్మిట్ రెన్యువల్‌కి కోటా లేదంటోంది. ముగ్గురికే ఇంత తేడానా? గదులు సర్దడానికి ఇండియా నుంచి మనుషుల్ని తెచ్చుకోవచ్చా?

లెక్కలమాస్టారు:
ముగ్గురు కాదండీ, లెక్కలో ఐదుగురు పోయారు. సర్వీసెస్ రంగంలో విదేశీయులు మొత్తం సిబ్బందిలో 35 శాతం మించకూడదు. లోకల్స్ సంఖ్యని 35తో హెచ్చవేసి 65తో భాగించి, దశాంశం కొట్టేయండి. 40కి 21.5, అంటే 21.

2024 జూలై నుంచి నెలకి 1,600 సింగపూర్ డాలర్లు వచ్చే లోకలే కోటా లెక్కలో పూర్తి మనిషి. 800 నుంచి 1,600 లోపైతే అరమనిషి, 800 కంటే తక్కువైతే సున్నా. మీ నలుగురూ కలిసి ఇద్దరు. మొత్తం 35, దానికి కోటా 18.

మూడు నెలల సీపీఎఫ్ (లోకల్ ఉద్యోగుల పేరున కట్టే భవిష్యనిధి) సగటు మీద లెక్కేస్తారు కాబట్టి దెబ్బ ఆలస్యంగా తెలుస్తుంది. కొత్తవాళ్లని చేర్చుకున్నా అంతే, కోటా మెల్లగా లేస్తుంది. చాలామంది చిక్కుకునేది ఇక్కడే: రెన్యువల్ నెలలో హడావుడిగా లోకల్స్‌ని చేర్చుకుని, ఇంకా పెరగలేదేంటని చూస్తారు.

పార్ట్‌టైమ్ రోస్టర్ కూడా ఒకసారి చూడండి. గంటకి 10.50 కనీస రేటు మీద 76 గంటలు చేస్తే 798 డాలర్లు, అంటే సున్నా. 77 గంటలైతే అరమనిషి. పూర్తి మనిషికి 153 గంటలు కావాలి.

చెక్ఇన్ డెస్క్:
ఇండియా సంగతి. సర్వీసెస్‌లో వర్క్ పర్మిట్ మామూలుగా మలేషియా, చైనా, హాంకాంగ్, మకావు, తైవాన్, దక్షిణ కొరియా వాళ్లకే. 2023 సెప్టెంబర్ నుంచి కొన్ని పనులకి మినహాయింపు ఉంది. హోటల్ హౌస్‌కీపర్లు, పోర్టర్లు అందులో ఉన్నారు, ఇండియావాళ్లకీ వర్తిస్తుంది. కానీ స్థిర జీతం కనీసం 2,000 ఉండాలి, వాళ్లు మొత్తం సిబ్బందిలో 8 శాతం మించకూడదు. 53 మందికి నలుగురు. ఇది 35 శాతంలో భాగమే, అదనం కాదు. అంటే ముందు కోటా ఖాళీ అవ్వాలి.

లెవీ, అంటే ఒక్కో విదేశీ కార్మికుడికి యజమాని నెలనెలా ప్రభుత్వానికి కట్టే రుసుము, మెట్లు మెట్లుగా పెరుగుతుంది. నైపుణ్యం తక్కువ కేటగిరీకి సిబ్బందిలో మొదటి 10 శాతం వరకు 450, ఆపైన 25 శాతం వరకు 600, ఆ తర్వాత 800. పైమెట్టులో ఉన్న మనిషి మీకు నెలకి 2,800 పడతాడు. అదికాక 5,000 సెక్యూరిటీ బాండ్, ఏడాదికి 60,000 కవరేజీ ఉన్న మెడికల్ ఇన్సూరెన్స్. లెవీని జీతంలోంచి కోయడం నేరం. అదే 2,800తో లోకల్‌కి 2,390 ఇచ్చి, 17 శాతం సీపీఎఫ్ కట్టొచ్చు (55 ఏళ్ల లోపువాళ్లకి). పైగా కోటా పెరుగుతుంది. నన్నడిగితే ఆ దారే మేలు.

రాత్రిషిఫ్ట్:
పోనీ ఎస్ పాస్ (మధ్యస్థాయి నైపుణ్యం ఉన్న విదేశీయులకిచ్చే పాస్) మీద?

చెక్ఇన్ డెస్క్:
అదీ 35 శాతం లోపలే, అందులోనూ మొత్తం సిబ్బందిలో 10 శాతం వరకే. 2025 సెప్టెంబర్ నుంచి కనీస జీతం 3,300, వయసుతో పెరుగుతుంది. పది మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న సంస్థ ముందు 14 రోజులు మైకెరీర్స్‌ఫ్యూచర్ అనే ప్రభుత్వ ఉద్యోగాల సైట్‌లో ప్రకటన ఇవ్వాలి. ఫ్రంట్ ఆఫీస్ సూపర్‌వైజర్‌కైతే సరే, గదులు సర్దడానికి కాదు.

లెక్కలమాస్టారు:
21 మందీ నిలవాలంటే లోకల్స్ 39 ఉండాలి: 39 × 35 / 65 సరిగ్గా 21. నలుగురినీ 153 గంటలకి తెస్తే 37, కోటా 19. ఇంకో ఇద్దరు పూర్తి జీతం లోకల్స్ చేరాలి. వాళ్లు చేరాక మూడు నెలల సీపీఎఫ్ పడేలా చూసుకుని రెన్యువల్ తేదీలు వరస పెట్టుకోండి.