దీపావళి పార్శిళ్లు సైకిల్ మీద: వెనక చక్రం పుల్లలు (స్పోకులు) ఆగట్లేదు

ప్రశ్న: చెన్నై టి.నగర్‌లో మామూలు సైకిల్ మీదే పార్శిళ్లు. క్యారియర్ మీద ఎంత బరువు పెట్టొచ్చు? వెనక పుల్లలు పటుక్కుమంటున్నాయి.

జవాబు: అన్నా, చాలా క్యారియర్ల మీద 25 కేజీలని అచ్చేసి ఉంటుంది, దాటొద్దు. పుల్లలు ఎక్కువగా చైన్ వైపే, హబ్బు (చక్రం మధ్య భాగం) దగ్గరి వంకీలో విరుగుతాయి. బిగువు తగ్గితే చక్రం తిరిగినప్పుడల్లా వంగి లేచి ఇనుము అలిసిపోతుంది. ఒకటి పోగానే మార్చి చక్రం వంకర తీయించండి, లేదంటే పక్కవీ పోతాయి.

జవాబు: బరువైనది ఎప్పుడూ అడుగునే, అది ముందు దించాల్సిందైనా సరే. పైన పెడితే మలుపులో సైకిల్ తూలుతుంది.

జవాబు: అసలు చిక్కు ఈశాన్య రుతుపవనాల వాన. అట్టపెట్టె అడుగు నానితే టేపు ఊడుతుంది. ప్లాస్టిక్ క్రేటు, పైన టార్పాలిన్ కట్టండి. తడి రిమ్ము మీద బ్రేకు ఆలస్యంగా పడుతుంది. జనంతో కిక్కిరిసే రంగనాథన్ వీధిలోకి సాయంత్రం సైకిల్ దూరదు, సంచితో నడవడమే.