హైవేపై అతివేగాన్ని మీ ప్రాంతంలో పోలీసులు ఎలా పట్టుకుంటారు?

ప్రశ్న:
గత నెల హైదరాబాద్ నుంచి సొంతూరు వెళ్లి వచ్చిన మూడో రోజున నా ఫోనుకు అతివేగం చలానా వచ్చింది. ఫోటోలో మా కారు నంబరు ప్లేటు, దాని కింద పరిమితి 80, వేగం 97 అన్న అంకెలు స్పష్టంగా ఉన్నాయి. తప్పు నాదే, జరిమానా కట్టేశాను. అయితే చెట్టు నీడలో లేజర్ గన్ పెట్టుకున్న చోట నెమ్మదించిన బండ్లన్నీ, అది దాటగానే మళ్లీ వేగం అందుకోవడం తిరుగు ప్రయాణంలో కళ్లారా చూశాను. మిగతాచోట్ల ఎలా ఉందో అక్కడ బండి నడిపేవారు చెప్పగలరా?

బెంగళూరు నుంచి:
2018 ఏప్రిల్ నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డుపై కార్లకు గరిష్ఠ వేగం 100 కిలోమీటర్లే అయినా, దాన్ని తగ్గించే అధికారం రాష్ట్రాలకు ఉంది కాబట్టి, బోర్డుపై 80 అని ఉంటే 80కే కట్టుబడాలి. మా మైసూరు హైవేపై కెమెరాలు ఉన్నాయి. 130 దాటితే 2024 ఆగస్టు నుంచి ఎఫ్‌ఐఆర్ నమోదు చేస్తున్నారు. చలానా కట్టి మరిచిపోయేవారు కూడా కేసంటే జంకుతారు.

అబుదాబి నుంచి:
దుబాయ్‌లో బోర్డు మీద ఉన్న వేగానికి మరో 20 కిలోమీటర్లు దాటాకే కెమెరా పట్టుకుంటుంది. దాంతో 120 బోర్డును అందరూ 140గానే చదువుకుంటారు. అబుదాబి 2018 ఆగస్టులో ఆ వెసులుబాటును ఎత్తేసి, బోర్డుల మీది అంకెలనే పెంచింది. రాసిన అంకె ఒకటి, అమలయ్యే అంకె మరొకటి కాకపోవడమే నాకు న్యాయంగా అనిపిస్తుంది.

స్కాట్లాండ్ నుంచి:
మా ఏ9 రోడ్డుపై డన్‌బ్లేన్, ఇన్వర్‌నెస్ మధ్య 2014 అక్టోబరు నుంచి సగటు వేగం కెమెరాలు పనిచేస్తున్నాయి. పసుపుపచ్చ స్తంభాలు దూరం నుంచే కనిపిస్తాయి, దాపరికం ఏమీ లేదు. రెండు కెమెరాలు నంబరు ప్లేటు చదివిన సమయాల తేడాతో మధ్య దూరాన్ని భాగిస్తారు కనుక, కెమెరా దగ్గర బ్రేకు వేసి తర్వాత తొక్కితే ప్రయోజనం ఉండదు. మీరు చూసిన సమస్యకు నాకు తెలిసిన సరైన జవాబు ఇదే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. మన టోల్ ప్లాజాల్లో ఫాస్టాగ్ చదివిన సమయం ఎలాగూ నమోదవుతోంది కదా అనుకున్నాను. కానీ రెండు ప్లాజాల మధ్య టిఫినుకు అరగంట ఆగినవాడు ఎంత వేగంగా పోయినా ఆ లెక్కకు దొరకడు. దాబాలు, హోటళ్లు లేని చిన్న చిన్న దూరాలకు విడిగా కెమెరాలు పెట్టాల్సిందే.