మారేడుమిల్లి ఘాట్‌లో బృందంగా సైకిల్ యాత్ర, గుడారాల్లో బస: సలహా కావాలి

కోనసీమ కాలువ గట్ల మీద సైకిల్ తొక్కడం అలవాటైన మా మిత్రబృందం, చలి మొదలయ్యాక ఒక శని, ఆదివారాల్లో గేర్ల సైకిళ్లను వ్యానులో రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి చేర్చి, చింతూరు వైపు ఘాట్ రోడ్డులో తొక్కి, రాత్రికి గుడారాల్లో బస చేయాలనుకుంటోంది.

ఎక్కడం కన్నా దిగడమే నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. మా వాళ్లకు తెలిసిన ఎత్తల్లా కాలువ వంతెనలే. వరుస మలుపుల్లో బ్రేకులను ఎడతెగకుండా పట్టి ఉంచితే రిమ్ములు వేడెక్కి, బ్రేకు రబ్బర్లు పట్టు తప్పుతాయి. కొత్తవారిని ఎంత ఎడంగా దింపాలో, మధ్యలో ఎక్కడ ఆపాలో ఆ దారిలో తొక్కినవారు దయచేసి చెప్పగలరా?

గుడారాలకు అటవీశాఖ అనుమతి ఎవరి దగ్గర, ఎన్నాళ్ల ముందు తీసుకోవాలి? అది మలేరియా ఉన్న ఏజెన్సీ ప్రాంతం కనుక దోమతెరలు తప్పక తీసుకువెళ్తాం. తాగునీరు మాత్రం అక్కడే దొరుకుతుందో, ఇక్కడి నుంచే క్యాన్లలో తీసుకువెళ్లాలో చెబితే వ్యానులో సామాను అందుకు తగ్గట్టు సర్దుకుంటాం.