అప్‌డేట్: ఓరెమ్, హెండర్సన్ తికమక తీరింది

నర్సింగ్ చదువులో వచ్చే డొరోతియా ఓరెమ్, వర్జీనియా హెండర్సన్‌ల థియరీలు (నర్సు పని ఏమిటో చెప్పేవి) రెండూ ఒకేలా ఉన్నాయి, తేడా ఎలా గుర్తుంటుందని పర్లాకిమిడి నుంచి ఇంతకుముందు అడిగాను. ఒక్కో థియరీకి వార్డులో ఒక్కో పేషెంటును తగిలించుకోమని ఒక అక్క చెప్పారు. బాగా పనిచేసింది.

షుగరుతో చేరిన మామ్మగారికి మొదట ఇన్సులిన్ మేమే వేశాం. తర్వాత మందు నేను సిరంజిలోకి తీసిస్తే, పొట్ట దగ్గర చర్మం మడతపట్టి ఆవిడే పొడుచుకున్నారు. ఇంటికెళ్లేనాటికి నేను పక్కన నిలబడి చూడటమే. ఓరెమ్ చెప్పిన మూడు సిస్టమ్స్ ఇవే: పూర్తిగా మనం చేయడం, పంచుకోవడం, నేర్పి తోడుండటం. (మొదటిదానికి సిసలైన ఉదాహరణ కోమా పేషెంటేలెండి.)

హెండర్సన్‌ది అవసరాల చిట్టా. ఊపిరితో మొదలై నేర్చుకోవడంతో ముగిసే 14 అవసరాలు. బలం, ఇష్టం, తెలివిడి ఉంటే పేషెంటే చేసుకునే పనుల్లో సాయపడటమే నర్సు పని అంటారావిడ. అంటే హెండర్సన్ 'ఏమేం కావాలి' అని చూస్తే, ఓరెమ్ 'ఎవరు ఎంత చేయాలి' అని చూస్తారు.

ఫ్లోరెన్స్ నైటింగేల్ థియరీతో గొడవే లేదు: పేషెంటు చుట్టూ గాలి, వెలుతురు, శుభ్రత, నిశ్శబ్దం. ఆవిడ పుస్తకం 1859 నాటిదైనా వార్డు కిటికీ తెరిస్తే చాలు, గుర్తొచ్చేస్తుంది.

మార్పులకు మనిషి ఎలా సర్దుకుంటారో చెప్పే రాయ్ అడాప్టేషన్ మోడల్‌లో రోల్ ఫంక్షన్‌కి (ఇంట్లో, పనిలో, సమాజంలో మనిషి పోషించే పాత్రకి) మాత్రం పేషెంటు దొరకలేదు. మీ వార్డులో ఎవరైనా ఉంటే చెప్పండి.