రెండూ చవక ఎయిర్‌లైన్లే. ర్యాన్‌ఎయిర్ ఎదిగింది, స్పిరిట్ ఎందుకు దివాలా తీసింది?

నీలిరెక్క:
ఎంబీఏ స్ట్రాటజీ పేపర్ కోసం లో కాస్ట్ ఎయిర్‌లైన్ల మీద రాస్తూ ఒకచోట ఆగిపోయాను. అమెరికాలోని స్పిరిట్, ఐర్లాండ్‌కి చెందిన ర్యాన్‌ఎయిర్ పైకి చూస్తే ఒకే అచ్చు. ఇరుకు సీట్లు, చవక టికెట్, బ్యాగుకీ నచ్చిన సీటుకీ విడిగా డబ్బులు. అయినా 2025 మార్చితో ముగిసిన ఏడాదిలో ర్యాన్‌ఎయిర్ 20 కోట్ల మందిని మోసింది. స్పిరిట్ 2024 నవంబరులో దివాలా పిటిషన్ వేసి, 2025 మార్చిలో బయటపడి, ఆగస్టులో మళ్లీ వేసింది. జెట్‌బ్లూ అనే మరో అమెరికా ఎయిర్‌లైన్‌తో విలీనం ఆగిపోవడమే కారణమని మా క్లాసులో అంటున్నారు. నాకు అది చాలినట్టు లేదు. ఈ రంగంలో పనిచేసినవాళ్లు చెప్తారా?

ర్యాంప్‌నుంచి:
నేను కొన్నేళ్లు టర్న్‌అరౌండ్ (దిగిన విమానాన్ని మళ్లీ ఎగరడానికి సిద్ధం చేసే పని) కోఆర్డినేటర్‌గా చేసి ఇప్పుడు షెడ్యూలింగ్‌లో ఉన్నాను. మీ అనుమానం సరైనదే. విలీనాన్ని కోర్టు ఆపింది 2024 జనవరిలో. స్పిరిట్ 2020 నుంచే ఏటా నష్టపోతూ వచ్చింది. విలీనం జరిగుంటే ఆ నష్టాలు ఇంకొకరి పద్దులోకి వెళ్లేవి, అంతే.

టికెట్ ధర చూసి ఈ రెండూ ఒకటే అనుకోకండి. చవక టికెట్ ఎవరైనా అమ్మొచ్చు. ఆ ధరకి అమ్మినా మిగిలేంత తక్కువ ఖర్చులో నడపగలరా అన్నదే అసలు పోటీ.

ఒక లెక్క చూడండి. గంటన్నర సెక్టార్లు (ఒకసారి లేచి దిగితే ఒక సెక్టార్) నడిపే విమానం ఉంది. దిగి మళ్లీ లేవడానికి 25 నిమిషాలు పడితే 15 గంటల్లో 8 సెక్టార్లు తిరుగుతుంది. గంట పడితే 6 మాత్రమే. లీజు, ఇన్సూరెన్స్ రెంటికీ ఒకటే. 189 సీట్ల బోయింగ్ 737-800 అయితే రోజుకి 378 సీట్ల తేడా, అదీ అదే విమానం మీద.

ఆ 25 నిమిషాలు ఎక్కణ్ణుంచి వస్తాయో ర్యాంప్ మీద, అంటే విమానాలు ఆగే చోట, నిలబడితే తెలుస్తుంది. చక్రాలకి చాక్స్ (అడ్డుదిమ్మలు) పడగానే ముందు తలుపుకీ వెనక తలుపుకీ మెట్లు. ఏరోబ్రిడ్జి అయితే ఒక్క తలుపే, పైగా దానికి అద్దె. వెనక వరుసలవాళ్లు వెనక మెట్ల మీంచి దిగుతుంటే క్యాబిన్ క్రూ చెత్త సంచి పట్టుకుని వాళ్ల వెంటే వస్తారు, క్లీనింగ్‌కి వేరే మనుషులుండరు. ర్యాన్‌ఎయిర్ సీట్లకి వెనక జేబు ఉండదు, కాబట్టి అందులో కుక్కిన కాగితాలు ఏరే పనే లేదు. సీటు వెనక్కి వాలదు, కాబట్టి మెకానిజం పాడవదు. ఆ లోపు తర్వాతి ప్రయాణికులు కింద లైన్లో నిలబడి ఉంటారు. చూసేవాళ్లకి ఇది పిసినారితనం. నాకు మాత్రం పద్ధతిగా చేసిన పని అంటే ఇదే.

బ్యాగు ఫీజు కూడా అంతే. అది రాబడి కోసమే అనుకుంటారు. రాబడి వస్తుంది, కానీ ఫీజు పెట్టిన రోజు నుంచి హోల్డ్‌లో (విమానం కింది సామాన్ల అరలో) బ్యాగులు తగ్గుతాయి, లోడర్లు తక్కువ సరిపోతారు, కౌంటర్లు తక్కువ సరిపోతాయి. ఆ బ్యాగులన్నీ సీట్ల పై బిన్లలోకి చేరి బోర్డింగ్ ఆలస్యమవుతుంది కాబట్టి క్యాబిన్ బ్యాగు సైజు మీద అంత పట్టుదల. ప్రయాణికుడి అలవాటు మార్చడానికి ధరని వాడతారు.

ఇక స్పిరిట్ సంగతి. అమెరికాలో పెద్ద సంస్థలు ఊరుకోలేదు. డెల్టా 2012లోనే బేసిక్ ఎకానమీ అనే చవక టికెట్ తెచ్చింది, 2017కల్లా అమెరికన్, యునైటెడ్ కూడా తెచ్చాయి. విమానంలో కొన్ని సీట్లు స్పిరిట్ ధరకి అమ్మి, మిగతావి మామూలు ధరకి అమ్ముకుంటారు. పైగా తమ పేరు మీద నడిచే క్రెడిట్ కార్డుల డబ్బు. ఒక్క అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచే డెల్టాకి 2024లో 700 కోట్ల డాలర్ల పైన వచ్చింది. స్పిరిట్‌కి అంత ఆసరా లేకపోయింది. ఈ ఎత్తు కొత్తదీ కాదు. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన రిజర్వేషన్ కంప్యూటర్ల సాయంతో కొన్ని సీట్లకే ధర తెగ్గోసినప్పుడు పీపుల్ ఎక్స్‌ప్రెస్ అనే చవక ఎయిర్‌లైన్ తట్టుకోలేకపోయింది, 1987లో కాంటినెంటల్‌లో కలిసిపోయింది.

లెక్కలపద్దు:
ర్యాంప్ గారూ, చాలా బాగా చెప్పారు, కానీ ఒక పేచీ. టర్న్‌అరౌండే అంత గొప్పదైతే అమెరికాలోని మరో చవక ఎయిర్‌లైన్ సౌత్‌వెస్ట్ మాటేమిటి? 1972లో నాలుగు విమానాల్లో ఒకటి అమ్మేయాల్సి వస్తే, 10 నిమిషాల టర్న్‌అరౌండ్‌తో మిగిలిన మూడింటితోనే షెడ్యూలు నడిపిన సంస్థ అది. దశాబ్దాలపాటు బ్యాగులకి పైసా తీసుకోలేదు. చివరికి ఎలియట్ అనే ఫండ్ ఒత్తిడి తెచ్చాక 2025 మేలో బ్యాగు ఫీజు పెట్టింది, 2026 జనవరి నుంచి సీటు నంబర్లు కూడా ఇస్తోంది. మరి మీ లెక్క అక్కడ ఎందుకు పనిచేయలేదు? ఇంకోటి, స్పిరిట్‌ని ఇంజిన్లు కూడా దెబ్బతీశాయి. ప్రాట్ అండ్ విట్నీ జీటీఎఫ్ ఇంజిన్ల లోపంతో ఎయిర్‌బస్ నియో రకం విమానాలు ఎన్నో నేల మీద ఉండిపోయాయి. యూరప్‌లోని విజ్ ఎయిర్‌కీ అదే బాధ.

ర్యాంప్‌నుంచి:
మీ పేచీలోనే జవాబు ఉంది. నేను పై పోస్టులో ముట్టుకోని విషయం జీతాలు.

సంస్థ పెరుగుతున్నంత కాలం ఏటా కొత్త పైలట్లు, కొత్త క్రూ చేరుతుంటారు. వాళ్లు స్కేలులో అట్టడుగున ఉంటారు కాబట్టి సగటు జీతం తక్కువగా కనిపిస్తుంది. పెరుగుదల ఆగిందా, అందరూ ఏటా ఒక మెట్టు ఎక్కుతారు, కింద కొత్తవాళ్లు ఉండరు. సౌత్‌వెస్ట్‌కి ఇది మెల్లగా జరిగింది. పెద్ద సంస్థలతో ఖర్చు తేడా కరిగిపోయింది, తేడా లేనప్పుడు బ్యాగు ఫ్రీ అనడం బరువైపోయింది. స్పిరిట్‌కి ఇంజిన్ల వల్ల హఠాత్తుగా జరిగింది. విమానం ఎగరదు, పైలట్ జీతం ఆగదు. అందుకే 2024లో పైలట్లని ఫర్లోలో (జీతం లేని సెలవులో) పెట్టాల్సి వచ్చింది.

ర్యాన్‌ఎయిర్ విషయంలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించేది 2002 జనవరి. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఎవరూ విమానాలు కొనని సమయంలో 100 బోయింగ్‌లు ఆర్డర్ చేసింది. అమ్మేవాడు దిగివచ్చే సమయంలో కొనడానికి చేతిలో నగదు ఉండాలి, అదీ ముందే దాచుకుని ఉండాలి. ఎయిర్‌పోర్టులతో బేరమూ అలాగే. బెల్జియంలోని షార్లెరాయ్, ఫ్రాన్స్‌లోని బోవే లాంటి చిన్నచోట్లకి ప్రయాణికుల్ని తెస్తానంటే వాళ్లే చార్జీలు తగ్గించారు. షార్లెరాయ్ రాయితీల్లో కొంత భాగం చెల్లదని యూరోపియన్ కమిషన్ 2004లో తేలిస్తే, ఆ నిర్ణయాన్ని 2008లో కోర్టు కొట్టేసింది. విమానాలు రేపు ఇంకో దేశానికి మార్చేయగలను అనే మాట వెనక నిజంగా మార్చగల శక్తి ఉండబట్టే ఆ బేరాలు నడిచాయి.

నీలిరెక్క:
ఇద్దరికీ చాలా థాంక్సండీ. పేపర్‌లో పోలిక పెట్టాలంటే ఏ అంకె తీసుకోవాలి? లాభం సరిపోతుందా?

ర్యాంప్‌నుంచి:
లాభం వద్దు, ఒక ఏడాది ఇంధనం చవకైతే అందరూ లాభంలోనే కనిపిస్తారు. ఇంధనం తీసేసిన సీటు-కిలోమీటరు ఖర్చు, అంటే ఒక సీటుని ఒక కిలోమీటరు నడపడానికి అయ్యే ఖర్చు, తీసుకోండి. సగటు సెక్టార్ దూరం ఎంతో పక్కనే రాయండి, ఎందుకంటే దూరం పెరిగేకొద్దీ ఆ ఖర్చు దానంతటదే తగ్గుతుంది. అది చూడకుండా పోలిస్తే లెక్క తప్పుతుంది. పదేళ్లకి గీత గీసి, అదే గ్రాఫ్‌లో ఆ మార్కెట్‌లోని పెద్ద సంస్థ గీత కూడా వేయండి. రెండు గీతల మధ్య ఎడం ఏ ఏడాది నుంచి తగ్గిందో చూశాక, ఆ ఏడాది జీతాల ఒప్పందాలు, విమానాల డెలివరీలు వార్షిక నివేదికల్లో వెతకండి. డ్రాఫ్ట్ అయ్యాక ఇక్కడ పెడితే చూసిపెడతాను.