సమస్యాపూరణం: చుట్టఁ గాల్చె మమ్మి చోద్యముగను

నిర్వాహకులు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

"చుట్టఁ గాల్చె మమ్మి చోద్యముగను"

నేపథ్యం: 1976లో ఈజిప్టు ఫారో రెండో రామ్సెస్ మమ్మిని పారిస్ తీసుకెళ్లినప్పుడు అక్కడి శాస్త్రజ్ఞురాలు మిషెల్ లెస్కో పొట్ట భాగంలో పొగాకు తునకలు చూసింది. 1992లో స్వెత్లా బలబనోవా, పార్షె, పిర్సిగ్ కలిసి మ్యూనిక్‌లోని తొమ్మిది ఈజిప్టు మమ్మీల వెంట్రుకలు, ఎముకలు, మెత్తని కణజాలం పరీక్షించి నికోటిన్, కొకైన్, గంజాయి సత్తు దొరికాయన్నారు. పొగాకు, కోకా (కొకైన్ వచ్చే మొక్క) రెండూ అమెరికా ఖండాల మొక్కలు, ఆనాటి ఈజిప్టుకు ఎలా చేరాయన్నదే చిక్కు. "కలలోఁ గంటి" అని తప్పించుకునే పూరణలు పరిగణించం.

పొన్నచెట్టు:
పురుగు పట్టకుండఁ బొగయాకు పొడిఁ జల్ల
మ్యూజియంబువారు మొన్నమొన్న,
ఆకు ముక్క కడుపునందుండఁ గని యంద్రు
చుట్టఁ గాల్చె మమ్మి చోద్యముగను.

నిర్వాహకులు: నడక హాయిగా ఉంది. మ్యూ–మొ యతి చెల్లుతుంది. 1886లో ఈజిప్టు శాస్త్రజ్ఞుడు మాస్పెరో రామ్సెస్ మమ్మి కట్లు విప్పించాడు, అంటే పారిస్ చేరేలోపు ఆ ఒళ్లు 90 ఏళ్లు బయటి గాలికి, బయటి చేతులకు తెరిచే ఉంది. మమ్మికున్న మూడువేల రెండువందల ఏళ్లతో పోలిస్తే అది మొన్నమొన్నే. అయితే పొడి చల్లారన్నది ఊహే, బలమైన ఊహ. 19వ శతాబ్దంలో పొగాకు మామూలు పురుగుమందు. పద్యం దాన్ని కళ్లతో చూసినట్టు చెబుతోంది. ఒక్క "కాఁబోలు" పట్టే చోటుంటే బాగుండేది.

వేపపుల్ల: మమ్మిలో దొరికిన పొగాకు పురుగును కూడా కొందరు సాక్ష్యంగా తెస్తారు. అది చెల్లదు. ఆ పురుగు ఏ ఎండు సరుకునైనా తింటుంది, మరో ఫారో టుటన్‌ఖామున్ సమాధిలోనూ దొరికింది.

గోరువంక:
నికొటి నొకటి యున్న నిజ మది కాఁబోదు;
కోటినీను కూడ వెదుక వలయు;
కానరాని చోటఁ గడు తొందరగ నంద్రు
చుట్టఁ గాల్చె మమ్మి చోద్యముగను.

నిర్వాహకులు: గోరువంక గారూ, రెండో పాదంలో యతి పోయింది: కో–వె. "కోటినీను కూడఁ గోరి వెదుక" అనండి. కో–గో కుదురుతుంది, "వెదుకఁ గానరాని చోట" అని అన్వయం కూడా మూడో పాదంలోకి సాఫీగా సాగుతుంది.

విషయం మాత్రం గట్టిది. లోపలికి పోయిన నికోటిన్‌ను కాలేయం కొటినిన్‌గా మారుస్తుంది. పైన పడ్డ ధూళి అలా మారదు. కానీ ఎండు పొగాకులోనే కొటినిన్ లేశమాత్రం ఉంటుంది కనుక "ఉంది, లేదు" చాలదు, రెండింటి నిష్పత్తి చూడాలి. వెంట్రుకలైతే ముందు ద్రావకంతో కడగాలి, చివరి కడుగునీటినీ పరీక్షించాలి. కడుగులోనూ నికోటిన్ వస్తూనే ఉంటే పై మురికి ఇంకా పోలేదన్నమాట. రేడియో ఇమ్యునో పరీక్ష (ప్రతిరక్షకాలతో పదార్థాన్ని పట్టేది) తొలి వడపోతకే, ఒకే పోలికున్న ఇతర పదార్థాలకూ అది స్పందిస్తుంది. అణువుల బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీతో నిర్ధారించకుండా తీర్పు చెప్పకూడదు. మ్యూనిక్ వాళ్లు రెండూ చేశారు. అందుకే వాళ్ల 1992 వ్యాసాన్ని ఎగతాళి చేసి వదిలేయడం కుదరదు.

వేపపుల్ల:
వంగకాయలోన వసియించు నికొటీను
బండెఁడంత మెక్కి పండినాఁడు;
పొగ యెఱుంగఁ డయిన బుద్ధిహీనుల మాట
చుట్టఁ గాల్చె మమ్మి చోద్యముగను.

పొన్నచెట్టు: నవ్వించారు. కానీ అన్వయం తప్పుతోంది. బండెడు మెక్కింది వంకాయలా, నికోటినా? ఒక్క గ్రాము నికోటినే ప్రాణం తీయగలదు! లెక్క కూడా చూడండి: గ్రాము వంకాయలో సుమారు 0.1 మైక్రోగ్రాము. ఒక సిగరెట్టు నుంచి ఒంట్లోకి చేరే 1 మిల్లీగ్రాముకు 10 కిలోల వంకాయలు కావాలి.

నిర్వాహకులు: పైగా వంగ ఈజిప్టుకు చేరింది అరబ్బుల కాలంలో. ఫారో వంకాయ తినలేదు. అశ్వగంధ పెట్టండి. అది ఈజిప్టులో పెరిగే మొక్కే, టుటన్‌ఖామున్ పూలహారంలో దాని పండ్లు గుచ్చి ఉన్నాయి, వేరులో నికోటిన్ ఉన్నట్టు విశ్లేషణలున్నాయి. మొదటి పాదం ఇలా:

అశ్వగంధ వేర నణఁగిన నికొటీను

రెండోది మీరే చూసుకోండి, బండెడు మాత్రం వద్దు.

గోరువంక: ఇంకొకటి.
కోక మొలక లేని కువలయమున నుండి
అవలి గట్టు చేర ననువు లేదు;
ఓడ లేక యెట్టు లుగ్గడింతురు వీరు
"చుట్టఁ గాల్చె మమ్మి చోద్యముగను".

నిర్వాహకులు: ఛందస్సు నిర్దోషం. సమస్యకు అతుకు పల్చన. కోకా నమిలే ఆకు, చుట్టలో ఇమడదు.

వేపపుల్ల: కొకైన్ విషయంలో అసలు మెలిక నాట్రన్. దేహాన్ని ఆరబెట్టిన ఆ ఉప్పులో సోడియం కార్బొనేటు ఉంటుంది, అది క్షారం. క్షారంలో తేమ తగిలితే కొకైన్ తనంతట తానే బెంజాయిల్ ఎక్‌గొనిన్ వంటి ముక్కలవుతుంది. కనుక ఆ ముక్క దొరికినంత మాత్రాన కాలేయం మార్చిందనలేం. కొకైన్ మిగిలి ఉందంటే ఇంతకాలం ఎలా నిలిచిందన్నదీ అడగాలి. మాంచెస్టర్‌లో ఈజిప్టు శాస్త్రజ్ఞురాలు రోసలీ డేవిడ్ వేరే మమ్మీలపై చేయించిన పరీక్షల్లో నికోటిన్ వచ్చింది, కొకైన్ రాలేదు.

గోరువంక: అయితే నాట్రన్ మీద పద్యం రాస్తాను. యతికి "నా" సులువే.

నిర్వాహకులు: గడువు ఆదివారం రాత్రి. గంజాయి మీద ఇంకా ఒక్క పూరణా రాలేదు. ఆ మొక్క పాత ప్రపంచానిదే కనుక మూడింటిలో అదొక్కటే సముద్రం దాటనక్కరలేదు. అటువైపూ చూడండి.